కొసరు పిల్లలు

అల్మాస్ చేతికి ఏ వస్తువు వచ్చినా ముందు విప్పి చూస్తుంది. పుస్తకమైతే పేజీల అంచులను బొటనవేలితో పరుస్తుంది. పక్కింటి పసిపాప ఎత్తుకోమని చెయ్యి చాస్తే ఆ చిట్టి వేళ్లను కూడా అలాగే విప్పుతుంది. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి ఉంటే కుడివైపు. అన్నీ సమానంగా ఉంటే ఎడమవైపు. పదో తరగతి చదివే పిల్లకు ఇదేం పిచ్చి అని మీరనుకోవచ్చు. శామీర్‌పేట నుంచి దేవరయాంజాల్ వైపు పోయే దారిలో, ఎత్తు గోడ వెనకున్న హ్యాచరీలో నాలుగు పొద్దులు కూర్చుంటే మీ చేతులూ ఇదే పని చేస్తాయి.

హ్యాచరీలో గుడ్లను పొదిగేది కోళ్లు కాదు, యంత్రాలు. సోమవారం, గురువారం తెల్లవారేసరికి ట్రేల కొద్దీ పిల్లలు దిగుతాయి. పుట్టి పూటైనా కాని కోడిపిల్ల పెట్టో పుంజో చెప్పేది దాని రెక్క. విప్పితే రెండు వరసల ఈకలు కనిపిస్తాయి. ఒక వరస పొడుగు, ఒక వరస పొట్టి ఉంటే పెట్ట. రెండూ సమానమైతే పుంజు. పెట్ట గుడ్లు పెడుతుంది కాబట్టి కుడివైపున్న అట్టపెట్టెలోకి పోతుంది. గుడ్ల కోళ్ల జాతిలో పుంజు గుడ్డు పెట్టదు, ఒంటికి మాంసమూ పట్టదు, మేత దండగ. అందుకని అది ఎడమవైపు నీలం డ్రమ్ములోకి పోతుంది. పని అయ్యాక డ్రమ్ముకు మూత పెడతారు. మూత పడ్డాక కూడా లోపల చప్పుడు కాసేపు ఉంటుంది. ఆ తర్వాత చేపల చెరువుల బండి వచ్చి మేతకు తీసుకుపోతుంది.

ఏడో నంబరు కుర్చీ మొదట అల్మాస్‌ది కాదు, వాళ్లమ్మ సాలేహాది. పన్నెండేళ్లు ఆ కుర్చీలో కూర్చుంది. అక్కడ ప్రతి అట్టపెట్టె మీదా ఏరినవాళ్ల నంబరు వేస్తారు. ఏడు అని ఉన్న పెట్టెలో పుంజు రాదని చుట్టుపక్కల ఊళ్ల రైతులకు నమ్మకం. దేవరయాంజాల్ గౌరయ్య అయితే గేటు దగ్గరే చెప్పేవాడు. "సాలేహమ్మ డబ్బాలుంటెనే బండెక్కియ్యుండ్రి. లేకుంటె రేపొస్త." నలుగురిలో గొంతెత్తి మాట్లాడి ఎరగని మనిషికి ఇంతకన్నా పేరేం కావాలి? ఆ మాట సాలేహా ఇంట్లో పదిసార్లు చెప్పుకునేది.

నిరుడు ఆమె కళ్లకు మసక కమ్మింది. మేడ్చల్‌లో కళ్ల డాక్టరు చూసి, ఇది ఆపరేషన్‌తో పోయే పొర కాదు, లోపల నరం ఎండిపోతోందన్నాడు. సూపర్‌వైజర్ శేఖర్‌కు సంగతి తెలిసిపోయింది. అతను తిట్టలేదు, కొట్టలేదు, ఉపాయం చెప్పాడు.

"నంబరు మార్చేది లేదు సాలేహమ్మా. ఏడు అంటెనే గిరాకీ. నీ బిడ్డను కూసోబెట్టు, చిన్న వేళ్లు, జల్దీ వస్తది పని. నువ్వు ట్రేలు కడుగు. బయట మాత్రం ఎవ్వలికి చెప్పకుండ్రి."

అలా అమ్మ పేరు మీద, అమ్మ నంబరు మీద, అమ్మ కుర్చీలో అల్మాస్ కూర్చుంది. నాన్న అమీర్ అలీ యాప్రాల్ కాలనీలకు నీళ్ల ట్యాంకర్ నడుపుతాడు. ఆ సంపాదన ఇంటి కిరాయికీ కడుపుకీ సరిపోయేది. అల్మాస్ చదువుకు ఆధారం ఈ కుర్చీ ఒక్కటే. సాలేహా మొదటిరోజే తేల్చి చెప్పింది.

"పదో తరగతి పాస్ గావాలె బేటా. పాసైతె మేడ్చల్‌ల ఇంటర్. గా కుర్చీ పోతే చదువు పోయినట్టే. చదువు ఇడిసిపెడితె గా కుర్చీతోని నాకు పని లేదు. రెండూ పట్టుకోవాలె."

పని నేర్పేటప్పుడు ఇంకో మూడు మాటలు చెప్పింది. బిస్మిల్లా అని మొదలుపెట్టాలి. డ్రమ్ములోకి చూడకూడదు. మూడోది అన్నిటికంటే గట్టిగా చెప్పింది.

"చెయ్యి ఎనక్కి పోవద్దు. ఒకసారి ఇడిసిపెట్టినవా, అయిపోయింది. మళ్ల తీసి చూసుడు లేదు."

ఇది పని చెడకుండా చెప్పిన జాగ్రత్త అనుకుంది అల్మాస్. పిల్ల కదా, మాట వెనక మాట ఉంటుందని అప్పుడే ఎలా తెలుస్తుంది?

ఆ ఇంట్లో ఇంకో వింత ఉంది. రేడియో ఆగదు. పాటలు, వార్తలు, ఎరువుల ప్రకటనలు, ఏదో ఒకటి మోగుతూనే ఉంటుంది. సాలేహా బట్టలుతికేటప్పుడు నల్లా గట్టు మీద, వంట చేసేటప్పుడు పొయ్యి పక్కన, పడుకునేటప్పుడు దిండు దగ్గర పెట్టుకుంటుంది. అల్మాస్‌కు లెక్కలు చేసుకునేటప్పుడు ఒళ్లు మండేది.

"అమ్మీ, బంద్ జెయ్యి. నాకు దిమాగ్ ఖరాబైతాంది."

"తక్కువ పెడత. బంద్ మాత్రం జెయ్య," అనేది సాలేహా. ఇద్దరిదీ మొండితనమే. పోలిక ఎక్కడికి పోతుంది?

సోమవారం, గురువారం అల్మాస్ బడికి వచ్చేసరికి మొదటి పీరియడ్ అయిపోయేది. అది కామేశ్వరి మేడమ్ చెప్పే జీవశాస్త్రం. మేడమ్ కోప్పడేది కాదు గానీ, ఆమె నిట్టూర్పు కోపం కన్నా బరువుగా ఉండేది. క్లాసులోకి పోకముందే నల్లా దగ్గర బిందు నిలబడి ఉండేది. గౌరయ్య కూతురు, అల్మాస్ బెంచీ నేస్తం. అల్మాస్ జడలో చిక్కుకున్న పసుపు నూగును ఒక్కొక్కటే ఏరి పారేసి, "ఇగ నడువు, లేకుంటె అందరు కోడిపిల్ల అంటరు," అనేది. పోయిన పాఠం మధ్యాహ్నం అన్నం తింటూ చెప్పేది. అమ్మకు ట్రేలు మొయ్యడంలో సాయం చేయడానికి పోతున్నానని అల్మాస్ చెప్పిన మాటే బిందు నమ్మింది. కుర్చీ సంగతి అల్మాస్ చెప్పలేదు. చెప్పవద్దన్నారు, చెప్పలేదు.

చప్పుడు వర్షాకాలంలో మొదలైంది. లెక్కల టెస్టు జరుగుతోంది. క్లాసంతా తలలు వంచుకుని రాస్తోంది. అల్మాస్‌కు సన్నగా చియ్యిమని వినిపించింది. సంచిలో పిల్ల ఏదైనా వచ్చేసిందా అని అదిరిపడి బెంచీ కింద వంగి చూసింది. సంచిలో పుస్తకాలే ఉన్నాయి. తల ఎత్తింది. మళ్లీ చియ్యిమంది. ఒకటి కాదు, చాలా. పైన కాదు, లోతుగా, మూత కింద నుంచి వస్తున్నట్టు వినిపిస్తోంది. మొదటి లెక్క సగంలో పెన్ను ఆగిపోయింది. గంట కొట్టేవరకూ అలాగే కూర్చుంది.

ఆ తర్వాత ఎక్కడ నిశ్శబ్దం ఉంటే అక్కడ ఆ చప్పుడు ఉండేది. ప్రార్థనలో జాతీయగీతం ముగిశాక ఒక్క క్షణం అందరూ ఊరుకుంటారే, ఆ క్షణంలో వినిపించేది. పరీక్షంటేనే నిశ్శబ్దం. ఇక ఆమె ఏం రాస్తుంది? దసరా సెలవుల ముందు పరీక్షల్లో మూడు సబ్జెక్టులు పోయాయి. అల్మాస్‌కు భయం పట్టుకుంది. పిచ్చి పడుతోందేమోనన్న భయం ఒకటి. అమ్మకు చెబితే కుర్చీ మాన్పించేస్తుందేమో, కుర్చీతోపాటు ఇంటరూ పోతుందేమోనన్న భయం ఇంకొకటి. రెండు భయాల మధ్య నోరు మూసుకుంది.

ఇప్పుడు కొసరు సంగతి చెప్పాలి. నూరు పిల్లలు కొన్న రైతుకు మీద రెండు ఊరికే వేయడం హ్యాచరీల ఆనవాయితీ. దారిలో ఒకటో రెండో చచ్చినా రైతు నష్టపోకూడదని అలా వేస్తారు. కూరగాయలామె తూకం అయ్యాక రెండు మిరపకాయలు వేసినట్టే. పెట్టె మూసే ముందు ఏరినవాళ్లే ఆ కొసరు పిల్లలను వేస్తారు.

ఒక గురువారం అల్మాస్ పెట్టె నింపి కొసరు వెయ్యబోతోంది. ఎడమవైపు డ్రమ్ములో ఒక పుంజుపిల్ల మిగతావాటి మీద ఎక్కి, అంచుకు ముక్కు ఆనించి, గొంతు చించుకుని అరుస్తోంది. డ్రమ్ములోకి చూడకూడదు. చూసింది. చెయ్యి వెనక్కి పోకూడదు. పోయింది. ఆ పిల్లను తీసి, దాని పక్కదాన్ని కూడా తీసి, కొసరుగా పెట్టెలో వేసి మూత పెట్టింది. ఊరికే ఇచ్చేవే కదా, ఎవరి సొమ్ము పోయింది అనుకుంది.

ఆ రోజు సైన్సు టెస్టు. కాగితం ముందు కూర్చుని చప్పుడు కోసం ఎదురుచూసింది. రాలేదు. పైన ఫ్యాను తిరుగుతున్న శబ్దం, పక్కన బిందు పెన్ను గీరుతున్న శబ్దం వినిపించాయి, అంతే. అల్మాస్‌కు ఏడుపొచ్చినంత పనైంది. కళ్లు తుడుచుకుని గబగబా రాసింది. తెలిసినదంతా రాసింది, తెలియనిదాన్ని కూడా ఆలోచించి రాసింది.

అప్పటి నుంచి బేరం కుదిరింది. ఎవరితో చేస్తున్న బేరమో అల్మాస్‌కు తెలియదు గానీ, బేరమని మాత్రం తెలుసు. పొద్దున కొసరులో పుంజులు పడితే ఆ రోజు చెవులు ఊరుకునేవి. కొన్నాళ్లకు పెట్టెకు రెండు చాలలేదు. దీపావళి దాటాక రెండు వేసినా చప్పుడు మధ్యాహ్నానికే తిరిగొచ్చేది. అర్ధ సంవత్సరం పరీక్షలు దగ్గరపడ్డాయి. కొసరు నిండిపోయాక చెయ్యి అసలులో పడింది. నూరు పెట్టల్లో ఐదారు పుంజులు, ఇంకోసారి పదీ పన్నెండు. శేఖర్ అటు తిరగ్గానే చెయ్యి వెనక్కి పోయేది. సాలేహా గోడవతల ట్రేలు కడుగుతూ ఉండేది. రేడియో అక్కడ కూడా ఆమె పక్కనే మోగేది.

మార్కులు మాత్రం పెరిగాయి. కామేశ్వరి మేడమ్ అల్మాస్‌ను లేపి నిలబెట్టి క్లాసుకు చూపించింది.

"పొద్దున్నే పనికి పోయి వచ్చే పిల్ల ఇలా రాసింది. కంచంలో అన్నం వడ్డిస్తే తినే మీకేమైంది?"

అందరూ చప్పట్లు కొట్టారు. బిందు అందరికన్నా గట్టిగా కొట్టింది. అల్మాస్ తల ఎత్తలేకపోయింది. అణకువ అనుకున్నారు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం అన్నం దగ్గర బిందు ముఖం వాడిపోయి ఉంది.

"మా నాయిన మస్తు పరేషాన్ల ఉన్నడే. దీపావళి అయినంక తెచ్చిన పిల్లలల్ల ఏందో తేడా ఉన్నదంటున్నడు. కొన్నిటికి తురాయి ఎర్రగైతాంది. ఒకదాన్నొకటి పొడుసుకుంటున్నయి."

అల్మాస్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఆ ఆదివారం కలిసి చదువుకుందామని బిందు పట్టుబడితే దేవరయాంజాల్ పోయింది. పోకుండా ఉండాలని ఎంత అనిపించిందో, పోయి చూడాలని అంతే అనిపించింది. ఇంటి వెనక రేకుల షెడ్డు. ఇద్దరూ అరుగు మీద కూర్చుని పుస్తకం తెరవగానే షెడ్డులోంచి కూత వచ్చింది. ఇంకా కుదరని కూత, గొంతు మారుతున్న మగపిల్లాడి పాటలా మధ్యలో విరిగిపోయింది. దానికి ఇంకొకటి జవాబు చెప్పింది. దాని వెనక మరొకటి. ఇన్నాళ్లూ మూత కింద వినిపించిన గొంతులు ఇప్పుడు బాహాటంగా, పట్టపగలు, ఊరందరి ముందు కూస్తున్నాయి. ప్రతి కూతా తన పేరు చెప్పి కూస్తున్నట్టు అల్మాస్‌కు అనిపించింది.

గౌరయ్య షెడ్డులోంచి బయటికొచ్చాడు. చేతిలో పాత అట్టపెట్టె మూత ఉంది. దాని మీద ఏడు అంకె స్పష్టంగా కనిపిస్తోంది.

"చూడు బిడ్డా. మీ అమ్మ డబ్బాలే ఇవి. గీ పన్నెండేండ్లల్ల ఒక్క పుంజు ఎల్లలే. గీసారి ఏమైందో అడుగు జర. మొత్తం షెడ్డు పుంజులే కూస్తున్నయి."

అల్మాస్ తల ఊపింది.

అల్మాస్ ఇంట్లో అడగలేదు. గౌరయ్యే హ్యాచరీకి పోయి అడిగాడు. ఇలాంటప్పుడు శేఖర్ లాంటివాళ్లు ఏం చేస్తారో మీకు తెలిసిందే. "ఆమె కండ్లు పోయినయన్న ముచ్చట మాకు చెప్పనేలేదు, మోసం జేసింది," అనేశాడు. మర్నాడు గౌరయ్య శామీర్‌పేటలో సాలేహా ఇంటికే వచ్చాడు. సాలేహా చాయ్ పెట్టింది. గౌరయ్య గ్లాసు ముట్టుకోలేదు. అల్మాస్ లోపలి గదిలో తలుపు వెనక నిలబడింది.

"చెల్లె, నేను లొల్లికి రాలే. డబ్బ మూత ఇప్పి చూడకుండ తీస్కపోయిన ఇన్నేండ్లు. కండ్లు కనబడ్తలేవని నాకన్న చెప్పకపోతివి?"

సాలేహాకు కళ్లు మసకేసినా చెవులు బాగా పనిచేస్తాయి. తలుపు వెనక కూతురి ఊపిరి ఆమెకు వినిపిస్తూనే ఉంది.

"నా కండ్లే గౌరన్నా," అంది. "నా కండ్లదే తప్పు. మాఫ్ జెయ్యి."

"ఊళ్లె అడిగినోళ్లకు చెప్పిన, ఏడో నంబర్ తీస్కోకుండ్రని. నాకు మంచిగనిపియ్యలే చెల్లె. కానీ చెప్పిన," అని గౌరయ్య లేచి వెళ్లిపోయాడు.

గ్లాసులో చాయ్ మీద మీగడ కట్టింది. సాలేహా తడుముకుంటూ రేడియో దగ్గరికి పోయి దాన్ని కట్టేసింది. అల్మాస్‌కు బుద్ధి తెలిశాక ఆ ఇంట్లో రేడియో ఆగడం అదే మొదటిసారి.

"చెయ్యి ఎనక్కి పోయిందా?" అని అడిగింది సాలేహా.

"పోయింది అమ్మీ."

"ఎందుకు?"

"చప్పుడు... బడిల వినబడుతది. పరీక్షల వినబడుతది. రెండు తీసి బయట పెడితె ఆగుతది. ఫస్టు రెండిటికే ఆగేది." అంటూనే అల్మాస్ ఏడ్చేసింది. "నాకు పిచ్చి పట్టింది అమ్మీ."

సాలేహా కూతురి తల దగ్గరికి తీసుకుంది.

"రేడియో ఎందుకు బంద్ జెయ్యనో ఎన్నడన్న అడిగినవా? బంద్ జెయ్యి, బంద్ జెయ్యి అన్నవు గని, ఎందుకని అడగలే. నాకు నమాజ్ల కూడ వినబడుతది. పండుకుంటె వినబడుతది. నీకు మాత్రం వినబడొద్దని దువా జేసిన. అల్లా గదొక్కటి వినలే." కూతురి కళ్లు తుడిచింది. "పరీక్షల నీకు రేడియో ఇయ్యరు గదా బేటా. ఎట్ల రాస్తవు?"

"ఎప్పుడన్న ఆగుతదా అమ్మీ?"

"ఆగదు. దాని పక్కకెళ్లి పని జేసుకుంట పోవుడే."

తర్వాత సాలేహా గొంతు మార్చి గట్టిగా చెప్పింది. "గౌరన్నకు ఏం చెప్పకు. శేఖర్ సార్ ఏడు తీసేసి వేరే నంబరేసి నిన్ను కూసోనిస్తనన్నడు. పరీక్షలైతయి, ఇంటరైతది. నా పేరుదేమున్నది, కండ్లతోనే పాయె."

చేతులు దులుపుకున్నట్టు చెప్పింది గానీ, ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు.

అల్మాస్ కుర్చీ నిలిచింది. పెట్టెల మీద ఏడు బదులు ఇరవై ఒకటి పడింది. చెయ్యి మళ్లీ వెనక్కి పోలేదు. విచిత్రమేమిటంటే, ఆ వారమంతా పిల్లల చప్పుడు వినిపించలేదు. దాని స్థానంలో అమ్మ గొంతు వినిపించేది. నా కండ్లే గౌరన్నా. పుస్తకం తెరిస్తే అదే, మూస్తే అదే. రెండు పుంజులు తీసి పెట్టెలో వేస్తే ఊరుకునే గొంతు కాదది. దానికి ఏమివ్వాలో అల్మాస్‌కు తెలుసు. ఇస్తే కుర్చీ పోతుందనీ తెలుసు. కుర్చీ పోతే ఇంటర్ సంగతి చెప్పక్కర్లేదు.

ఆదివారం షేర్ ఆటో ఎక్కి దేవరయాంజాల్ పోయింది. గౌరయ్య మేత వేస్తున్నాడు. బిందు గుమ్మంలో కూర్చుని చదువుకుంటోంది.

"కాకా," అంది అల్మాస్, "అమ్మ కండ్లది కాదు తప్పు. ఏడాది సంది ఏడో నంబర్ల కూసునేది నేనే. తెలిసే ఏసిన పుంజులు."

గౌరయ్య చేతిలోని మేత గంప కింద పెట్టాడు. ముఖం ఎర్రబడింది.

"తెలిసే ఏసినవా? మా బువ్వల మన్ను బోసినట్టు గాదా అది? బిందు నీకు పాఠాలు చెప్పె. ఎందుకు జేసినవే?"

అల్మాస్ దాచకుండా చెప్పింది. డ్రమ్ము, మూత, చప్పుడు, బేరం, అన్నీ. చెబుతుంటే షెడ్డులో పుంజులు కూస్తూనే ఉన్నాయి. గౌరయ్య అటు చూశాడు, ఇటు చూశాడు. ఇన్నేళ్లుగా పెట్టలే వచ్చే డబ్బాలు కొన్న మనిషి, పుంజులు ఏమవుతాయని ఒక్కనాడూ అడగలేదు. షెడ్డు వైపే చూస్తూ అడిగాడు.

"మరి గిప్పుడు ఆగిందా చప్పుడు?"

"ఆగలే కాకా. ఇప్పుడు అమ్మ గొంతు వినబడుతాంది."

"ఆగదు. వచ్చే అంగడికి గివన్ని మేడ్చల్ పోతయి, కోతకు. నువ్వు బతికించిననుకున్నవు. నాలుగు నెలలు ఆపినవు, గంతే." కోపంగా అనలేదు, అలసిపోయినట్టు అన్నాడు. గంప మళ్లీ ఎత్తుకున్నాడు. "ఇగ పో. మీ అమ్మను నేనే అన్న, నేనే ఎనక్కి తీస్కుంట ఆ మాట."

బిందు పుస్తకం మూసి లోపలికి వెళ్లిపోయింది. అల్మాస్ వైపు చూడలేదు. ఆటో దాకా నడుస్తుంటే అన్నిటికన్నా ఆ మూసిన పుస్తకమే ఎక్కువ బాధపెట్టింది.

గౌరయ్య అన్నంత పనీ చేశాడు. హ్యాచరీ గేటు దగ్గర నలుగురు రైతులు ఉండగా చెప్పాడు, ఏడాదిగా ఆ కుర్చీలో కూర్చున్నది కూతురని, సాలేహమ్మ చెయ్యి ఏనాడూ తప్పు చెయ్యలేదని. శేఖర్ ఆ రోజే తల్లినీ కూతురినీ పనిలోంచి తీసేశాడు. సాలేహా కూతురి మీద విరుచుకుపడింది.

"ఆ నింద మోసేది నేను గదా! నువ్వెందుకు దించినవే? నీ చదువు కోసం గాదా మోసింది?"

సాయంత్రం గౌరయ్య వచ్చి గేటు దగ్గర ఏమన్నాడో చెప్పి, ఈసారి చాయ్ తాగి పోయాడు. అతను పోయాక సాలేహా గోడకానుకుని చాలాసేపు ఏడ్చింది. కోపంతో ఏడ్చిందో, పోయిన పేరు తిరిగొచ్చినందుకు ఏడ్చిందో అల్మాస్‌కు తెలియలేదు, అడగలేదు. అమీర్ అలీ ట్యాంకర్ రెండు ట్రిప్పులు ఎక్కువ తిప్పుతున్నాడు. ఇంటర్ మాట ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు. పదో తరగతి ఒక్కటే మిగిలింది.

పరీక్ష సెంటర్ మేడ్చల్‌లో పడింది. జీవశాస్త్రం పేపర్ గురువారం వచ్చింది. ఇన్నాళ్లూ మొదటి పీరియడ్ పోగొట్టుకున్న గురువారం, అదే సబ్జెక్టు. గేటు బయట పిల్లలంతా గుంపులుగా నిలబడి ఉన్నారు. ఆదివారం నాటి నుంచి మాట్లాడని బిందు వెనక నుంచి వచ్చింది. ఆమె చెయ్యి అలవాటు కొద్దీ అల్మాస్ జడలో వెతికింది. పై నుంచి కింది దాకా వెతికి, ఆగిపోయింది.

"ఏం లేదియ్యాల," అంది బిందు.

"ఇగ ఉండదు," అంది అల్మాస్.

ఇద్దరూ కలిసి లోపలికి పోయారు.

హాలులో జవాబు పుస్తకాలు పంచారు. అల్మాస్ బొటనవేలు తనంతట తానే అంచులు విప్పింది. పేజీలన్నీ సమానంగా ఉన్నాయి. అంటే ఎడమవైపు. ఆ వెంటనే చియ్యిమని మొదలైంది, మూత కింద నుంచి, ఎప్పటికన్నా ఎక్కువగా. గురువారం కదా, ఈ వేళకు అక్కడ డ్రమ్ము నిండి ఉంటుంది. ఇరవై ఒకటో నంబరు కుర్చీలో ఇంకో పిల్ల ఎవరో కూర్చుని ఉంటుంది. ఇవ్వడానికి అల్మాస్ దగ్గర ఇప్పుడేమీ లేదు. పెట్టె లేదు, కొసరు లేదు. రేడియో కూడా లేదు.

కళ్లు మూసుకుని బిస్మిల్లా అనుకుంది. మొదటి ప్రశ్న చదివింది. అరుపు ఆగలేదు. రెండోసారి చదివింది. మూడోసారికి మాటలు కనిపించాయి. రాయడం మొదలుపెట్టింది. ప్రతి వాక్యం అరుపులోంచి దారి చేసుకుంటూ వచ్చింది. మధ్యలో రెండుసార్లు పెన్ను ఆగింది. రెండుసార్లూ మళ్లీ కదిలింది. ఎడమ చెయ్యి బల్ల అంచును పట్టుకునే ఉంది, గంట కొట్టేదాకా వదల్లేదు.

బయట జనంలో సాలేహా గోడ పట్టుకుని నిలబడి ఉంది. ఎవరెవరో పిల్లలు పక్కనుంచి పోతుంటే ప్రతి అడుగుకూ తల తిప్పుతోంది. అల్మాస్ వెళ్లి చెయ్యి అందించింది.

"వినబడ్డదా?" అని అడిగింది సాలేహా.

"వినబడ్డది అమ్మీ."

"రాసినవా?"

"రాసిన."

ఎదురుగా హైవే మీద లారీలు పోతున్నాయి. సాలేహా కూతురి చెయ్యి పట్టుకుంది. చూపు ఆనకపోయినా ఆమె బొటనవేలు తెలియకుండానే ఆ వేళ్లను విప్పింది. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. తల్లి కూతురిని తన కుడివైపుకు తిప్పుకుని, గట్టిగా పట్టుకుని రోడ్డు దాటింది.